పళ్ళు చూసి డ్రగ్స్ అలవాటు కనిపెట్టగలమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ముందు పన్ను విరిగిందని మీ డెంటల్ క్లినిక్‌కి వచ్చాడు. నోరు తెరిపించి చూస్తే పైనా కిందా చిగురు అంచు వెంబడి వరసగా పుచ్చులు. రెండేళ్ళ క్రితం ఇంకెక్కడో తీయించుకున్న ఎక్స్‌రేలో అవే పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. స్వీట్లు పెద్దగా తిననంటున్నాడు. వాళ్ళ నాన్నగారు బయట కూర్చుని ఉన్నారు. నోటిని బట్టి డ్రగ్స్ వాడకం గుర్తుపట్టవచ్చా, అనుమానం వస్తే ఏం చేయాలి, తండ్రికి చెప్పాలా అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. నోరు చూసి డ్రగ్స్ వాడుతున్నారని తేల్చలేం. అడగడానికి గట్టి కారణం మాత్రం దొరుకుతుంది. ఆ కారణం దొరికాక అడగకుండా వదిలేయకూడదు, ఎందుకంటే కాసేపట్లో అతనికి ఇంజెక్షన్ ఇచ్చేది మీరే. ఇక నాన్నగారి విషయం: పేషెంట్ మేజర్. అతను ఒప్పుకోకుండా ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదు.

ఇప్పుడు కాస్త వివరంగా చెప్తాను. నా ప్రాక్టీసులో ఎక్కువ భాగం డీ-అడిక్షన్ సెంటర్ల నుంచి పంపిన పేషెంట్లతోనే గడిచింది, కాబట్టి ఇది పుస్తకంలో చదివిన వరస కాదు, కొంచెం అటూ ఇటూ పోతుంది.

ఇలాంటి కేసు కుర్చీలో కూర్చున్నప్పుడు నేను ముందు చూసేది పొంతన. వయసుకూ పళ్ళ స్థితికీ పొంతన ఉందా? పేషెంట్ చెప్పే అలవాట్లకూ పుచ్చు వచ్చిన వేగానికీ పొంతన ఉందా? మామూలుగా పుచ్చు దవడ పళ్ళ గుంటల్లో, పన్నుకూ పన్నుకూ మధ్య మొదలవుతుంది. కింది ముందు నాలుగు పళ్ళకు అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. నాలుక కింద లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా వాటి వెనకే. రోజంతా ఆ పళ్ళు లాలాజలంలో తడుస్తూనే ఉంటాయి. అలాంటిది పాతికేళ్ళ లోపు మనిషికి కింది ముందు పళ్ళ మొదట్లో కూడా పుచ్చు పట్టిందంటే, ఆ రక్షణ పోయిందని అర్థం. ఎందుకు పోయిందన్నది తర్వాతి ప్రశ్న.

లాలాజలం ఉందో లేదో చూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. నోరు చూసే చిన్న అద్దాన్ని చెంప లోపలి భాగానికి ఆనించి మెల్లగా లాగండి. జారిపోవాలి. అంటుకుపోయి చర్మాన్ని లాక్కుంటూ వచ్చిందంటే నోరు ఎండిపోయిందనే లెక్క. నాలుక పైకెత్తమని కింద చూడండి, అక్కడ నీళ్ళలాంటి మడుగు ఉండాలి. దాని బదులు తెల్లటి నురగ, తీగలు సాగే ఉమ్మి కనిపిస్తే మంచిది కాదు. ఇంకా గట్టిగా తెలియాలంటే ఏమీ నమలనివ్వకుండా అయిదు నిమిషాల పాటు కొలత గీతలున్న కప్పులోకి ఉమ్మి జారవిడవమనండి. నిమిషానికి 0.3, 0.4 మిల్లీలీటర్లు సహజం. 0.1 కంటే తక్కువైతే, అంటే అయిదు నిమిషాలకు అర మిల్లీలీటరు కూడా రాకపోతే, అది పేషెంట్ చెప్పే ‘కాస్త దాహంగా ఉంటుందండీ’ స్థాయి దాటిపోయినట్టు. నోట్లో పీహెచ్ 5.5 కంటే పడిపోతే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. దాన్ని మళ్ళీ పైకి లేపేది లాలాజలమే. అది లేనప్పుడు ఒక్క గుక్క కూల్ డ్రింక్ చేసే నష్టం చాలాసేపు కొనసాగుతుంది.

మెతాంఫెటమిన్, అంటే ‘మెత్’ అని పిలిచే ఉత్తేజపరిచే మత్తుమందు గురించి ఎక్కువ చెప్పాలి. అందరూ ‘మెత్ మౌత్’ ఫోటోలు చూసి ఉంటారు, చూసి తప్పు అర్థం చేసుకుని కూడా ఉంటారు. పెదవి వైపు, చెంప వైపు నునుపు భాగాల మీద చిగురు అంచున మొదట సుద్ద రాసినట్టు తెల్లటి గీత వస్తుంది. తర్వాత అది గోధుమ రంగుకు తిరుగుతుంది, గుచ్చితే తోలులా మెత్తగా దిగుతుంది. ఆ పైన పన్ను చుట్టూ తిరిగి మెడ కోసినట్టు కోసేస్తుంది. ఒకరోజు ఏదో కొరుకుతుంటే పైభాగం ఊడి వస్తుంది, నల్లటి మొదలు చిగురులో మిగులుతుంది. మీ పేషెంట్ ముందు పన్ను ‘విరగడం’ ఇలాంటిదేనా, దెబ్బ తగిలి విరిగిందా అన్నది మీరు రాయలేదు. విరిగిన అంచు చూడండి. దెబ్బ తగిలి విరిగితే అంచు పదునుగా, తెల్లగా ఉంటుంది.

ఆ పొగలో ఉండే ఆమ్లమే పళ్ళను తినేస్తుందని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే పొగ పీల్చేవాళ్ళ పళ్ళే ఎక్కువ పాడవ్వాలి. కానీ నరానికి ఎక్కించుకునేవాళ్ళ పళ్ళ స్థితి ఇంకా అధ్వానంగా ఉన్నట్టు అధ్యయనాల్లో తేలింది. అసలు కారణాలు మామూలువే: నోరు ఎండిపోవడం, గంటల తరబడి తీపి డ్రింకులు చప్పరిస్తూ ఉండటం, నిద్రా తిండీ లేకుండా రోజులు గడపడం, బ్రష్ చేయకపోవడం, పళ్ళు బిగించి నూరడం. లాస్ ఏంజెలెస్‌లో 571 మంది మెత్ వాడేవాళ్ళ నోళ్ళు పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 96 శాతం మందికి పుచ్చు అనుభవం ఉంది, 58 శాతం మందికి వైద్యం చేయించుకోని పుచ్చులు ఉన్నాయి. పళ్ళన్నీ నిలుపుకున్నవాళ్ళు 23 శాతమే. సిగరెట్ కూడా తాగేవాళ్ళలో పరిస్థితి మరీ ఘోరం. నాకు ఆ 23 శాతం మీదే ఎక్కువ ఆసక్తి. అంటే నోరు శుభ్రంగా ఉన్నంత మాత్రాన వాడటం లేదని కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. చక్కగా పళ్ళు తోముకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో వాడేవాళ్ళ నోట్లో మీకు ఏమీ కనిపించదు.

కొకైన్ చిత్రం వేరు. దాన్ని చిగురుకు రుద్దుకునే అలవాటు కొందరికి ఉంటుంది, సరుకు మంచిదో కాదో చూడటానికి. రుద్దేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట: పై కోరపన్ను, దాని పక్క పళ్ళ దగ్గర, పెదవి వైపు. రక్తనాళాలు ముడుచుకుపోయి ఆ కాస్త చిగురు తెల్లబడుతుంది, పుండు పడుతుంది, తర్వాత జారిపోయి వేరు బయటపడుతుంది. మిగతా నోరంతా బాగుంటుంది! ఒకాయన అలాంటి పుండుతో వచ్చి గట్టి బ్రష్ వల్ల అన్నారు. కుడిచేతి వాటం మనిషి. బ్రష్ వల్ల చిగురు జారితే సాధారణంగా ఎడమ వైపు ఎక్కువ కనిపిస్తుంది, అదీ కొన్ని పళ్ళకు వరసగా. ఆయనకు కుడి వైపు, ఒక్క కోరపన్ను దగ్గరే. నేను వాదించలేదు. ‘ఇక్కడ వేలితో ఏదైనా రుద్దుతుంటారా? పంటి నొప్పికి మాత్ర పొడిచేసి పెట్టుకున్నా, ఇంకేదైనా అయినా ఇలాగే పుండు పడుతుంది’ అన్నాను. కాసేపు నేల చూపులు చూసి చెప్పారు. ఆస్పిరిన్ మాత్ర చిగురు పక్కన పెట్టుకుంటే నిజంగానే అలా కాలుతుంది కాబట్టి నేను అన్నది సాకు కాదు, అది కూడా తేల్చుకోవాల్సిన విషయమే.

ముక్కుతో పీల్చేవాళ్ళకు ముందు ముక్కు మధ్య గోడకు చిల్లు పడుతుంది. ఏళ్ళ తరబడి సాగితే అంగిలి మధ్యలో రంధ్రం పడి, తాగిన నీళ్ళు ముక్కులోంచి రావడం, మాట ముక్కుతో పలికినట్టు రావడం మొదలవుతాయి. అంగిలికి రంధ్రం కనిపించగానే కొకైన్ అని రాసేయకండి. ముదిరిన సిఫిలిస్, మ్యూకర్ లాంటి ఫంగస్, లింఫోమా అనే క్యాన్సర్, రక్తనాళాల వాపు జబ్బులు కూడా ఇదే పని చేస్తాయి. ఈఎన్‌టీ డాక్టరు చూడాలి, బయాప్సీ కావాలి.

హెరాయిన్, ఇతర ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి మత్తుమందులు. ఇక్కడ కూడా నునుపు భాగాల మీదే పుచ్చు, తీపి మీద యావ, ఎండిన నోరు. పళ్ళను బట్టి దీన్నీ మెత్‌నీ విడదీయడం నా వల్ల కాదు, చేయగలనని చెప్పేవాళ్ళను నేను నమ్మను. కళ్ళు కొంత సాయం చేస్తాయి: ఓపియాయిడ్ ప్రభావంలో ఉంటే కంటిపాప సూదిమొనంత అవుతుంది, మెత్, కొకైన్ ప్రభావంలో పెద్దదవుతుంది. ఓపియాయిడ్ల దగ్గర నేను అసలు చూసేది ఇంకోటి. పెద్ద పెద్ద పుచ్చులు, చీము, వేర్లు మాత్రమే మిగిలిన పళ్ళు ఉంటాయి. ‘నొప్పి లేదా?’ అంటే లేదంటారు. నిజంగానే తెలియదు వాళ్ళకు, వాడే మందు నొప్పిని కప్పేస్తుంది. నోట్లో అంత జరుగుతున్నా నొప్పి లేదన్న మనిషిని చూస్తే ఆగి అడగండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మానేసిన మొదటి వారాల్లో ఆ కప్పు తొలగిపోయి ఏళ్ళ నాటి పంటి నొప్పులన్నీ ఒకేసారి లేస్తాయి. డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరిన ఒక అబ్బాయి పంటి నొప్పి తట్టుకోలేక సెంటర్ వదిలి వెళ్ళిపోబోతుంటే, అక్కడి కౌన్సెలర్ రాత్రి పూట నాకు ఫోన్ చేశారు. మర్నాడు పొద్దున్నే మూడు పళ్ళకు నరం తీసి మూసేశాను. అతను సెంటర్‌లోనే ఉండిపోయాడు. అప్పటి నుంచి ఆ సెంటర్ వాళ్ళతో ఒక ఏర్పాటు చేసుకున్నాం: చేరిన వారంలోపు ప్రతి ఒక్కరూ పళ్ళు చూపించుకోవాలి, నొప్పి ఉన్నా లేకపోయినా. మీ చుట్టుపక్కల అలాంటి సెంటర్ ఉంటే మీరే వెళ్ళి మాట్లాడండి.

ఓపియాయిడ్ అలవాటుకు చికిత్సగా బుప్రెనార్ఫిన్ అనే మందు నాలుక కింద పెట్టుకునేవాళ్ళ పళ్ళు కూడా దెబ్బతింటాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 జనవరిలో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మందు మానమని కాదు. మందు పూర్తిగా కరిగాక పెద్ద గుక్క నీళ్ళు నోట్లో మెల్లగా తిప్పి మింగాలి, ఆ తర్వాత కనీసం గంట ఆగి బ్రష్ చేయాలి. ఇలాంటి పేషెంట్‌ను చూసి ‘ఇంకా వాడుతూనే ఉన్నాడు’ అనుకోవడం ఘోరమైన అన్యాయం. అతను మందు వేసుకుంటున్నాడు.

గంజాయి విషయంలో నోరు ఇచ్చే ఆధారం బలహీనం. ఎర్రటి కళ్ళు, ఎండిన నోరు, చెంపల లోపల తెల్లటి పొర, అప్పుడప్పుడు ఫంగస్. సిగరెట్ తాగేవాళ్ళలోనూ ఇవి చాలా వరకు ఉంటాయి. చిగుళ్ళ సంగతి కాస్త గట్టి విషయం: న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టినవాళ్ళను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వస్తున్నారు. 32 ఏళ్ళ వయసులో చూస్తే, ఎక్కువగా గంజాయి తాగినవాళ్ళలో చిగుళ్ళ జబ్బు ఎక్కువగా ఉంది, పొగాకు ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా సరే.

ఎక్‌స్టసీ అనే మత్తు మాత్ర తీసుకునేవాళ్ళకు దవడ బిగుసుకుపోతుంది. దవడ పళ్ళ కొనలు చదునుగా అరిగిపోతాయి, పొద్దున లేచాక నోరు పూర్తిగా తెరుచుకోదు, చెంప లోపల కొరుక్కున్న గీత ఉంటుంది. వారాంతం అయ్యాక దవడ నొప్పితో వచ్చే కుర్రకారులో ఇది గుర్తుంచుకోవాలి. అయితే టెన్షన్‌తో రాత్రంతా పళ్ళు నూరేవాళ్ళు ఇంతకంటే చాలా ఎక్కువమంది. జిగురు, థిన్నర్ లాంటివి పీల్చే పిల్లల్లో ముక్కు, పెదవుల చుట్టూ ఎర్రటి పొక్కులు, ఎండి పగిలిన చర్మం, ఊపిరిలో రసాయనం వాసన ఉంటాయి. నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్ల నుంచి నేరుగా పీల్చేవాళ్ళకు పెదవుల మీద, అంగిలి మీద చలికి కాలిన గాయాలు పడతాయి. అది బి12ను పనిచేయనివ్వదు కాబట్టి నాలుక నునుపుగా, మంటగా ఉండటం, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కడం కూడా అడగండి. మద్యం గురించి ఇక్కడ విడిగా రాయను. ఒకటే మాట: మాటిమాటికీ వాంతులయ్యేవాళ్ళకు పై ముందు పళ్ళు అంగిలి వైపు కరిగిపోతాయి, చెవుల ముందు గ్రంథులు నొప్పి లేకుండా ఉబ్బుతాయి.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటికి వద్దాం. పైన చెప్పినవాటిలో ఒక్కటి కూడా డ్రగ్స్‌కే సొంతం కాదు.

ఒకావిడ నా దగ్గరికి వచ్చేనాటికి ఇద్దరు డెంటిస్టులను చూసి వచ్చారు. చిగురు అంచున వరస పుచ్చులు, కింది ముందు పళ్ళకు కూడా, అద్దం అంటుకుపోయేంత ఎండిన నోరు. ఒక చోట అసిస్టెంట్ ఏదో గొణగడం ఆవిడ చెవిన పడిందట, ఏడుస్తూ చెప్పారు. కళ్ళు మండుతాయా అని అడిగాను. ఇసుక పడ్డట్టు ఉంటుందన్నారు. వేళ్ళ కీళ్ళు కూడా నొప్పులు. రక్తపరీక్షలు, పెదవి గ్రంథి బయాప్సీ అయ్యాక ష్యోగ్రెన్ అని తేలింది. శరీరం తన లాలాజల, కన్నీటి గ్రంథుల మీద తానే దాడి చేసుకునే జబ్బు అది. ఆవిడ జన్మలో ఏ మత్తూ ముట్టుకోలేదు.

డిప్రెషన్ మాత్రలు, అలర్జీ మాత్రలు, మూత్రాశయానికి ఇచ్చే కొన్ని మందులు నోరు ఎండబెడతాయి. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు డాక్టరు రాసిచ్చే యాంఫెటమిన్ జాతి మందులతో నోరు ఎండడమూ, పళ్ళు నూరడమూ రెండూ ఉండవచ్చు. మెడకు, తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్ళ పళ్ళు అచ్చం మెత్ ఫోటోల్లాగే ఉంటాయి. అదుపులో లేని షుగర్, పుల్లటి త్రేన్పులు, తిన్నది కావాలని కక్కేసే బులీమియా, పుట్టుకతోనే ఎనామెల్ సరిగా ఏర్పడని పళ్ళు, రాత్రి షిఫ్టుల్లో నిద్ర రాకుండా గంటకో ఎనర్జీ డ్రింక్, అన్నిటికంటే మామూలుది: డబ్బు లేక, భయపడి ఏళ్ళ తరబడి డెంటిస్ట్ దగ్గరికి పోకపోవడం. మీ పేషెంట్ ‘స్వీట్లు తినను’ అన్నాడు కదా, ‘ఏం తాగుతుంటావు? ఎంతసేపటికి ఒక సీసా అవుతుంది?’ అని అడిగారా? స్వీట్లంటే చాలామంది మిఠాయిలే అనుకుంటారు, డ్రింకులు వాళ్ళ లెక్కలోకి రావు.

అడగడం ఎలా. తలుపు మూసి, అసిస్టెంట్‌ను కూడా బయటికి పంపి, కుర్చీ నిలువుగా లేపి, మాస్క్ తీసి మాట్లాడండి. నోట్లో పరికరాలు పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి ఇలాంటివి అడిగితే ఎవరూ చెప్పరు. ముందు మీకు కనిపించింది చెప్పండి, తర్వాత కారణం, ఆ తర్వాత ప్రశ్న. నేను దాదాపు ఇలా అంటాను:

‘మీ నోట్లో ఉమ్మి బాగా తగ్గిపోయింది, అందుకే పళ్ళు ఇంత త్వరగా పోతున్నాయి. దీనికి కారణాలు చాలా ఉంటాయి. కొన్ని జబ్బులు, కొన్ని మాత్రలు, గంజాయి, మెత్ లాంటివి. ఇలా ఉన్న ప్రతి ఒక్కరినీ నేను ఇవన్నీ అడుగుతాను. నేను ఇవ్వబోయే ఇంజెక్షన్ కొన్నిటితో కలిస్తే గుండెకు ప్రమాదం. మీరు చెప్పేది ఈ గది దాటదు. ఇందులో ఏవైనా వాడుతున్నారా? చివరిసారి ఎప్పుడు?’

‘డ్రగ్స్ వాడతావా?’ అని మొహం మీద అడిగితే వచ్చే జవాబు ‘లేదండీ’ ఒక్కటే. లేదని అంటే నమ్మినట్టే ఉండి, ప్రమాదం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పి వదిలేయండి. రెండో అపాయింట్‌మెంట్‌లో, మూడోదానిలో తమంతట తామే చెప్పినవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. ‘చివరిసారి ఎప్పుడు’ అన్న ప్రశ్న మాత్రం ఎవరినీ అడగకుండా వదలకండి, మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకంటే, కొకైన్, మెత్ తీసుకున్న ఒంట్లో అప్పటికే గుండె పరుగులు పెడుతుంటుంది. దాని మీద అడ్రినలిన్ కలిసిన లిగ్నోకెయిన్ (తిమ్మిరి ఇంజెక్షన్) ఎక్కించారంటే బీపీ ఉన్నట్టుండి పెరగవచ్చు, గుండె లయ తప్పవచ్చు. చివరిసారి తీసుకుని 24 గంటలు కాకపోతే అత్యవసరం కాని పని ఏదైనా వాయిదా వేయండి. ప్రతి ఒక్కరికీ బీపీ, నాడి చూడటం అలవాటు చేసుకోండి, చెప్పని విషయాన్ని అవి కొంత బయటపెడతాయి. నరానికి ఎక్కించుకునేవాళ్ళను గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షన్ ఎప్పుడైనా వచ్చిందా అని అడగండి. వచ్చి ఉంటే రక్తం కారే పనికి అరగంట నుంచి గంట ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి, పెన్సిలిన్ పడేవాళ్ళకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు. హెపటైటిస్ ఉండి కాలేయం దెబ్బతింటే పన్ను తీశాక రక్తం త్వరగా ఆగదు. ఓపియాయిడ్ అలవాటుకు చికిత్సగా మెతడోన్ మీద ఉన్నవాళ్ళకు ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ రాసే ముందు వాళ్ళ డాక్టరుతో మాట్లాడండి, గుండె లయ మీద ప్రభావం ఉంటుంది.

నొప్పి మాత్రల గురించి కూడా. డెంటిస్టు దగ్గరికి మందు చీటీ కోసమే వచ్చేవాళ్ళు ఉంటారు. ట్రమడాల్ (ఓపియాయిడ్ జాతి నొప్పి మాత్ర) అని పేరు పెట్టి అడుగుతారు, మిగతావన్నీ పడవంటారు, క్లినిక్ మూసే వేళకు వస్తారు, ఎక్స్‌రే వద్దంటారు, పన్ను తీస్తానంటే రేపు వస్తానంటారు. వీటిలో ఒకటి ఉన్నంత మాత్రాన అబద్ధం అనుకోవద్దు, నిజంగా నొప్పితో ఉన్న మనిషి కూడా క్లినిక్ మూసే వేళకే రావచ్చు. నేను నొప్పికి కారణమైన పన్నుకు ఆ రోజే ఏదో ఒకటి చేస్తాను, చీటీ మాత్రం ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపి రాస్తాను. కిడ్నీ, కడుపులో పుండు, కాలేయం సమస్యలు లేనివాళ్ళకు పన్ను తీసిన నొప్పికి ఈ రెండూ కలిసి బాగా పనిచేస్తాయి. మానేసి బాగున్నవాళ్ళు కొందరు వాళ్ళంతట వాళ్ళే ‘గట్టి మాత్రలు రాయకండి సార్’ అంటారు. ఆ మాట కేస్ షీట్‌లో పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి.

కేస్ షీట్ అన్నాను కాబట్టి: కనిపించింది రాయండి, అనుకున్నది రాయకండి. ‘పై, కింది ముందు పళ్ళకు చిగురు అంచున చురుకైన పుచ్చులు, లాలాజలం అయిదు నిమిషాలకు ఇంత’ అని రాయండి. పేషెంట్ చెబితే ‘పేషెంట్ చెప్పిన ప్రకారం’ అని రాయండి. ‘అడిక్ట్’ అన్న మాట మీ కలం నుంచి రాకూడదు. రేపు ఆ కాగితం ఏ ఇన్సూరెన్సు వాళ్ళ చేతిలో, ఏ ఉద్యోగం ఇచ్చేవాళ్ళ చేతిలో పడుతుందో మనకు తెలియదు.

నాన్నగారు తప్పకుండా అడుగుతారు. ‘మావాడు ఏమైనా పాడు అలవాట్లు చేసుకున్నాడా డాక్టర్ గారూ?’ అని నన్ను అడిగిన తండ్రులందరికీ ఒకటే చెప్పాను: ‘పళ్ళు ఎందుకు పోయాయో మీ అబ్బాయికి వివరంగా చెప్పానండీ. మీతో మాట్లాడమని తను అంటే ముగ్గురం కలిసి కూర్చుందాం.’ మీ మొహం కూడా ఏమీ చెప్పకూడదు సుమా, అదే కష్టం. పేషెంట్ మైనర్ అయితే లెక్క వేరు. మీరున్న చోట చట్టం ఏం చెబుతుందో ముందే తెలుసుకుని ఉండాలి. పిల్లవాడి ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఆ విషయం పిల్లవాడికి చెప్పి మరీ పెద్దవాళ్ళను పిలవాలి, వెనకనుంచి కాదు.

చికిత్సలో తొందరపడకండి. ఇంకా వాడుతున్న మనిషికి ఖరీదైన క్యాపులు, బ్రిడ్జిలు కడితే అంచుల కింద పుచ్చి ఏడాది తిరక్కుండానే ఊడతాయి. అలాగని ‘మానేశాక రా’ అని పంపేస్తే మళ్ళీ రాడు. ముందు నొప్పి, చీము తీసేయండి. మెత్తబడ్డ పుచ్చులను గ్లాస్ అయానమర్ సిమెంటుతో మూయండి. కనపడని చోట 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ రాస్తే పుచ్చు ఆగుతుంది. అది నల్లబడుతుందని ముందే చెప్పండి. ఫ్లోరైడ్ వార్నిష్, ఇంటికి 5000 పీపీఎం పేస్టు, చక్కెర లేని చూయింగ్ గమ్, తీపి డ్రింక్ బదులు నీళ్ళ సీసా. పళ్ళు నూరుతుంటే నైట్ గార్డ్. మౌత్‌వాష్ రాస్తే ఆల్కహాల్ లేనిది రాయండి. ముందు పళ్ళు మాత్రం తాత్కాలికంగానైనా చూడటానికి బాగుండేలా చేసి పంపండి. నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానిన పేషెంట్ తర్వాతి అపాయింట్‌మెంట్‌కు రావడం నేను ఎక్కువగా చూశాను.

మీ కుర్రాడి విషయానికొస్తే, వచ్చేసారి అతను కూర్చోగానే చేయాల్సినవి: బీపీ, నాడి చూడండి. అద్దం అంటుకుంటుందేమో చూడండి, ఉమ్మి కొలవండి. వాడే మాత్రలన్నీ ఫోన్‌లో ఫోటో తీసి తెమ్మనండి. కళ్ళు మండటం, కీళ్ళ నొప్పులు, వాంతులు, రేడియేషన్, షుగర్ అడగండి. ఏం తాగుతాడో గంటల లెక్కన అడగండి. ఆ తర్వాత నేను పైన రాసిన మాటలు మీ సొంత మాటల్లో అడగండి. ఒకవేళ అవునంటే, అప్పటికప్పుడు ఫోన్ చేసి మాట్లాడించగల డీ-అడిక్షన్ డాక్టరు నంబరు ఒకటి ముందే మీ దగ్గర ఉండాలి. ‘ఎక్కడైనా చూపించుకో’ అంటే ఎవరూ వెళ్ళరు. ఎక్స్‌రేలు, ఉమ్మి కొలత వచ్చాక, పేరూ ఊరూ లేకుండా ఇక్కడ పెట్టండి, ఏ పన్ను నిలుస్తుందో ఏది తీయాలో చూద్దాం.